ఎవులి కోసం కట్టినారీ బల్ల?

ఇల్లు, వీధి, బజారు: పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి ఓ రిటైర్డ్ ఆర్కిటెక్ట్ జవాబులు

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చదువు పూర్తయి రెండేళ్లయింది. మన ఊరి ఫుట్‌పాత్‌లు, బస్టాపులు, మార్కెట్లు అందరికీ పనికొచ్చేలా ఎలా కట్టాలో మాట్లాడుకుందామని వాట్సాప్‌లో గ్రూపు పెట్టాను. 140 మందిమి ఉన్నాం. చక్రాల కుర్చీ వాడే ఒకన్నయ్యను, చూపు లేని టీచర్ గారిని, పూర్ణా మార్కెట్లో కూరలమ్మే ఇద్దరు అక్కలను బతిమాలి చేర్చాను. తీరా మాట్లాడేది మా క్లాస్‌మేట్లే, అదీ ఇంగ్లీషులో. టీచర్ గారు వెళ్లిపోయారు. మిగతా ముగ్గురూ పలకరు. ఎక్కడ తప్పు చేశాను?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మాయీ, ముందు నా తప్పు విను. ఉద్యోగం కొత్తలో ఒక చేపల మార్కెట్‌కి డ్రాయింగులు గీశాను. మూడడుగుల ఎత్తు సిమెంటు బల్లలు, పైన తెల్ల టైల్స్, నీళ్లు జారడానికి వాలు. ఆ టైల్స్ చూసుకుని నాకు ఎంత మురిపెమో! తెరిచిన వారానికి వెళ్తే బల్లలన్నీ ఖాళీ. ఆడవాళ్లంతా వాటి ముందు నేల మీదే కూర్చుని ఉన్నారు. వాళ్లు చేప కోసేది కత్తిపీట మీద. పీటను కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో చేపను కత్తికి ఒత్తుతారు. నా బల్ల నిలబడి చాకుతో కోసేవాళ్లకి తప్ప పనికిరాదు. పైకెక్కి కూర్చుంటే పొలుసులు ఎగిరి కొనేవాళ్ల మొహాన పడతాయి. "ఏటమ్మా, ఎవులి కోసం కట్టినారీ బల్ల?" అని ఒకామె అడిగింది. కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే. గీసే ముందు ఆ వరసలో ఒక్కరినైనా నేను అడిగి ఉంటేగా!

నీ గ్రూపూ అలాంటి బల్లే. ఇంగ్లీషు ఒక్కటే మానేస్తే సరిపోదు. టీచర్ గారు ఎందుకు వెళ్లారో నాకు అనుమానం ఉంది. మీరంతా ఫొటో పెట్టి "చూడండి, ఎంత ఘోరమో" అంటారు. ఆయన ఫోన్ మెసేజ్‌లు చదివి వినిపిస్తుంది కానీ, ఫొటో వస్తే చాలాసార్లు "ఫొటో" అని ఊరుకుంటుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయినా అంతే. ఫొటో కింద ఒక ముక్క రాయండి: "పసుపు గుబ్బల టైల్స్ వెంట నడిస్తే తిన్నగా కరెంటు స్తంభానికి కొట్టుకుంటాం" అని. అన్నట్టు, చూపు లేనివాళ్లు కాలితో తడిమి దారి తెలుసుకునే ఆ గుబ్బల టైల్స్‌ని 1965లో జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన తయారుచేశాడు, చూపు పోతున్న తన స్నేహితుడి కోసం. 1967లో ఒకయామాలో మొదటిసారి వీధిలో వేశారు. ఇక్కడ మనం టైల్స్ ముందు వేసేసి, నడిచేవాళ్ల కోసం తర్వాత వెతుకుతున్నాం.

అక్కల సంగతి వేరు. తెల్లారకుండానే లేచేవాళ్లు మీ రాత్రి పదకొండు గంటల వాదనలు ఎప్పుడు చూస్తారు? బేరాలు పలచబడే మధ్యాహ్నం వేళ ఒకే ఒక్క ప్రశ్న అడుగు, నీ గొంతుతో. "ఇన్‌క్లూజివ్ డిజైన్ మీద మీ అభిప్రాయం" కాదు. "బాత్రూమ్‌కి ఎక్కడికెళ్తారక్కా? వెళ్లినప్పుడు గంప ఎవరు చూస్తారు?" అను. వాయిస్‌లోనే జవాబు వస్తుంది. వినపడనివాళ్లూ ఉంటారు కాబట్టి దాన్ని రెండు లైన్లలో రాసిపెట్టు. 'ఏటి', 'ఎవులు' అన్న మాటలకి ఎవడైనా నవ్వు బొమ్మ పెడితే, ఆ రోజే వాడికి విడిగా ఫోన్ చెయ్యి. గ్రూపులో తిట్టావంటే అక్కే ఎక్కువ సిగ్గుపడుతుంది.

2014 వీధి వ్యాపారుల చట్టం చూశావా? ఊళ్లో వీధి వ్యాపారం సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లను ఎన్నుకునేదీ వ్యాపారులే. ఆ ఎన్నికైనవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. మీ అడ్మిన్లు ఐదుగురైతే, ఆ లెక్కన ఇద్దరు ఆ అక్కల్లాంటివాళ్లు ఉండాలి. ఉన్నారా?

అక్క చెప్పిన మాట వల్ల ఏ గీత మారిందో ఆమెకే చూపించు. మారకపోతే ఎందుకు మారలేదో చెప్పు. ఎప్పుడైనా కలుద్దామని పిలిస్తే, ఆ పూట బేరం పోయినందుకు డబ్బులివ్వు, టీ బిస్కెట్లతో సరిపెట్టకు. లిఫ్ట్ లేని మేడ మీద మాత్రం పెట్టకు. అదీ చేశాన్లే నేను.

ప్రశ్న: మా మందుల షాపు గడప రోడ్డుకి 9 అంగుళాల ఎత్తు. మేస్త్రి మూడడుగుల ర్యాంప్ వేశాడు. చక్రాల కుర్చీలో వచ్చే పెద్దాయన ఎక్కబోతే వెనక్కి జారుతోంది.
- ఒక షాపు యజమాని, గాజువాక

జవాబు: జారదా మరి! అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు కావాలండీ. మీ 9 అంగుళాలకి తొమ్మిదడుగులు. ముందు జాగా లేకపోతే గోడ వెంబడి పక్కకి తిప్పించండి, నాలుగడుగుల వెడల్పుతో. నున్నటి టైల్స్ వద్దు, సిమెంటు తడిగా ఉండగానే చీపురుతో గీతలు గీయించండి. మేస్త్రికి ఆఖరి డబ్బులు ఇచ్చేది మాత్రం ఆ పెద్దాయన ఒకసారి ఎక్కి దిగాకే.