సంచి లోపల ఫోన్ నంబరు: ఖర్చెంత, రాబడెంత?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. ఇంట్లో జూట్ బ్యాగులు కుడతాను, సాయానికి ఒకమ్మాయి ఉంది. ఎగ్జిబిషన్లలో, బీచ్ రోడ్డు స్టాళ్లలో 350 రూపాయల చొప్పున నెలకు 80 దాకా పోతాయి. కానీ కొన్నవాళ్లు మళ్లీ కనబడరు. ఈ మధ్య చీటీ పాడితే 30 వేలు చేతికొచ్చాయి. రంగుల పెట్టెలు వేయించి, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు ఇవ్వమని మా తమ్ముడు అంటున్నాడు. ప్రతి బ్యాగుకీ ఫోన్ నంబరుతో లేబుల్ కుడితే చాలని ఇంకొకరు అన్నారు. ఏది మంచిది? నా సొంత నంబరు వేయొచ్చా?

జవాబు: ముందు ఆ 30 వేల సంగతి. పాడుకున్న చీటీ డబ్బు మిగులు కాదు, అప్పు లాంటిది. ఇంకా ఎన్ని వాయిదాలు కట్టాలో చూసుకోండి. కనీసం మూడు వాయిదాలకు సరిపడా పక్కన పెట్టాకే మిగతాది వ్యాపారంలో పెట్టండి.

ఇక లెక్క. 350 రూపాయల బ్యాగులో జూట్, లైనింగు, జిప్పు, పిడులు కలిపి 160, కుట్టుకూలి 50, స్టాలు అద్దె, ఆటో, కవరు కలిపి 40 పోతాయనుకుందాం. మీ అంకెలు వేరుగా ఉంటే అవే వేసుకోండి. ఈ లెక్కన చేతిలో మిగిలేది 100. అదే బ్యాగు ఫోన్ మీద ఆర్డరు వస్తే స్టాలు ఖర్చు ఉండదు. కొరియరు కొన్నవాళ్లదే. ప్యాకింగుకు 15 తీసేసినా 125 మిగులుతుంది. తమ్ముడి సలహా ప్రకారం 30 వేలు పెడితే, అవి వెనక్కి రావడానికే 240 ఫోన్ ఆర్డర్లు కావాలి. అంటే మూడు నెలల పాటు మీరు కుట్టేదంతా. లేబులూ వేలాడే ట్యాగూ కలిపి బ్యాగుకు 7 రూపాయలైతే నెలకు 560. ఐదు ఆర్డర్లు వెనక్కి వస్తే 625 వచ్చి ఖర్చు తీరిపోతుంది. 80 మందిలో ఐదుగురు. కాబట్టి లేబులే. పెట్టెల మాట ఇప్పటికి వదిలేయండి, బ్యాగు కొన్నవాళ్లు పెట్టెను ఆ రోజే పారేస్తారు.

విశాఖలో లేబుల్‌కు ఇంకో బలం ఉంది. మీ దగ్గర కొనేవాళ్లలో చాలామంది ఇక్కడ ఉండిపోయేవాళ్లు కారు. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో అరకు చూడ్డానికి వచ్చినవాళ్లు, బదిలీ మీద కొచ్చికో ముంబైకో వెళ్లిపోయే నేవీ కుటుంబాలు. స్టాలు దగ్గర మీరిచ్చిన విజిటింగ్ కార్డు లాడ్జి గదిలోనే ఉండిపోతుంది. సంచికి కుట్టిన నంబరు సంచితో పాటే ఊరు దాటుతుంది. అందుకే తెలుగు ఒక్కటే చాలదు. పేరు, ఊరు ఇంగ్లిషులో కూడా ఉండాలి. ఏటికొప్పాక లక్క బొమ్మలనే చూడండి. 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఊరి పేరు దేశమంతా తెలుసు. కానీ ఇంట్లో ఉన్న బొమ్మ ఎవరి చేతిదో, అలాంటిదే ఇంకోటి కావాలంటే ఎవరిని అడగాలో చాలాసార్లు బొమ్మ మీద ఉండదు.

అయితే మొదటి నెలే అక్షరాలు దారంతో నేసిన 500 నేత లేబుళ్లకు ఆర్డరివ్వకండి. మాటలు మారతాయి, నంబరు మారుతుంది, మిగిలినవన్నీ చెత్త. మొదటి 100 బ్యాగులకు రబ్బరు స్టాంపు చాలు. అంగుళం వెడల్పున్న తెల్ల కాటన్ టేపు తీసుకుని 6 సెంటీమీటర్ల ముక్కలు కత్తిరించండి. రెండు చివర్లా సెంటీమీటరు మడిస్తే మధ్యలో 4 సెంటీమీటర్లు మిగులుతుంది, స్టాంపు ఆ కొలతకే చేయించండి. ఇంకు మాత్రం బట్ట మీద వేసేదే కొనండి. ఆఫీసు స్టాంపు ప్యాడు ఇంకు తడి తగలగానే పాకి లైనింగుకు మరకవుతుంది. మన ఊరి ఉక్కపోతకు ఒక రోజంతా ఆరనివ్వండి. తర్వాత పైన పల్చటి బట్ట వేసి, వేడిగా రెండు మూడు నిమిషాలు ఇస్త్రీ చేయండి. ఒక ముక్కను సబ్బుతో ఉతికి చూశాకే మిగతావి కుట్టండి.

దాన్ని ఎక్కడ కుట్టాలన్నదీ ముఖ్యమే. బయట కుడితే ఫోన్ నంబరు మోసుకు తిరగడం ఇష్టంలేక కత్తిరించేస్తారు. అడుగున కుడితే ఎవరికీ కనబడదు. లోపలి జేబు పై అంచున, లైనింగు కలిపేటప్పుడే పెట్టి కుట్టండి. బ్యాగు పూర్తయ్యాక పెట్టాలంటే కుట్టు విప్పాలి, ఒక్కో బ్యాగుకు పది నిమిషాలు పోతాయి. ఆ కూలి లేబుల్ ఖరీదు కన్నా ఎక్కువ. అతికించే స్టిక్కర్లు జూట్ మీద పనిచేయవు. జిగురు పట్టుకునేది పైనున్న నూగును మాత్రమే, అది ఊడితే స్టిక్కరూ ఊడినట్టే.

లేబుల్ మీద పేరు, విశాఖపట్నం, నంబరు ఉంటే సరిపోతుంది. నంబరును ఐదూ ఐదుగా విడగొట్టండి, అంకెలు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నేత లేబుల్‌లో చిన్న అంకెలు దారంతో పూడుకుపోయి 8, 6, 0 ఒకేలా కనిపిస్తాయి. ధర వేయకండి, రేపు జూట్ రేటు పెరిగితే ఆ అంకె మిమ్మల్నే పట్టుకుంటుంది. క్యూఆర్ కోడు చిన్న నేత లేబుల్ మీద సరిగా స్కాన్ కాకపోవచ్చు. దాన్ని కాగితం ట్యాగు మీద, కనీసం 2 సెంటీమీటర్ల చదరంలో, చుట్టూ తెల్ల అంచు వదిలి వేయండి. అందులో నేరుగా మీ వాట్సాప్ లింకే ఉండాలి. ఉచితమని చెప్పి ఏడాది తర్వాత చందా అడిగే కోడ్‌లు ఉంటాయి. చందా ఆగిన రోజున, ఊళ్లు దాటిపోయిన మీ ట్యాగులన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. డబ్బులు కట్టే యూపీఐ కోడు ట్యాగు మీద అసలు వద్దు, మీది తీసి ఇంకొకరు తమది అతికిస్తే డబ్బు ఎటు పోయిందో మీకు తెలియను కూడా తెలియదు.

ట్యాగు కాగితానికి ఒకవైపే లామినేషన్ చేయిస్తే ఇక్కడి తేమకు వారంలో చుట్టుకుపోతుంది. చేయిస్తే రెండువైపులా, లేదంటే అసలొద్దు. ట్యాగు రంధ్రానికి ఇనుప రింగు (ఐలెట్), మామూలు పిన్నీసు వాడకండి. సముద్రపు గాలికి తుప్పు పట్టి బ్యాగు మీద మరక వేస్తాయి. నూలు దారం చాలు.

సొంత నంబరు వద్దు. చిన్న టేపు ముక్క మీద వేసిన నంబరు ఎన్ని చేతులు మారుతుందో మీరు చెప్పలేరు. రెండో సిమ్ తీసుకుని, ఉచితంగా దొరికే వాట్సాప్ బిజినెస్ అందులో పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు వాడకపోతే తీసేసే అవకాశం ఉంది, తర్వాత ఆ నంబరు ఇంకెవరికో వెళుతుంది. రీఛార్జి తేదీ క్యాలెండరులో రాసుకోండి. విడి బ్యాగులకు ఇంటి డోరు నంబరు అక్కర్లేదు. కానీ ముందే కవరులో వేసి సీలు చేసి అమ్మితే, తూనికలు కొలతల శాఖ ప్యాకేజీ నిబంధనలు వర్తిస్తాయి. అప్పుడు తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, సంఖ్య, తయారైన నెల, సంవత్సరం, పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిలు ఉండాలి.

షాపులకు టోకున ఇస్తే చిక్కు ఇక్కడే వస్తుంది. షాపాయన మీ దగ్గర 250కి కొని 400కి అమ్ముతుంటే, లేబుల్ చూసి ఫోన్ చేసినవాళ్లకు మీరు 300కే ఇచ్చారనుకోండి, మర్నాటి నుంచి ఆయన లేబుళ్లు కత్తిరించేస్తాడు, లేదా సరుకు మానేస్తాడు. తప్పు ఆయనది కాదు. ఫోన్ మీద ధర షాపు ధరకు తగ్గకూడదని ముందే మాటనుకోండి.

నిజానికి బ్యాగు నెలనెలా కొనే వస్తువు కాదు. ఫోన్ చేసేవాళ్లు రెండో బ్యాగు కోసం కన్నా గృహప్రవేశానికో పెళ్లికో తాంబూలం సంచుల కోసమే ఎక్కువ చేస్తారు. కాబట్టి ట్యాగు వెనక ‘తాంబూలం సంచులు, 25 నుంచి ఆర్డరు మీద’ అని ఒక్క వరస వేయండి. సగం అడ్వాన్సు తీసుకోకుండా బట్ట కత్తిరించకండి. పేరు అచ్చువేసిన సంచులు ఆర్డరు రద్దయితే ఇంకెవరూ కొనరు.

జీఎస్టీ గురించి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల దాకా నమోదు అక్కర్లేదు, మీది మూడున్నర లక్షల లోపే. కానీ బదిలీ అయిన నేవీ కుటుంబం కొచ్చి నుంచి ఫోన్ చేస్తే అది వేరే రాష్ట్రానికి అమ్మకం. దానికి సాధారణంగా మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. చేతివృత్తి వస్తువుల జాబితాలో ఉన్నవాటికి షరతుల మీద మినహాయింపు ఉంది. మిషను మీద కుట్టిన మీ బ్యాగు అందులోకి వస్తుందో లేదో మొదటి పార్సిల్ కట్టేముందే పన్ను లెక్కలు చూసేవారిని అడగండి.

ట్యాగు మూలన పెన్నుతో ఒక అక్షరం రాయండి: బీచ్ రోడ్డుకు ‘బీ’, ఎగ్జిబిషన్‌కు ‘ఎ’, షాపుకు ‘షా’. ఫోన్ చేసినవాళ్లను ఆ అక్షరం అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. మూడు నెలలయ్యాక చూస్తే ఏ స్టాలు అద్దె గిట్టుబాటవుతుందో కూడా తెలుస్తుంది. ఫోన్లు వచ్చి ఆర్డర్లు కాకపోతే లోపం లేబుల్‌లో లేదు, ధరలోనో కొరియరు ఖర్చులోనో ఉంది. ఫోన్లే రాకపోతే తెలిసిన ఐదుగురి ఇళ్లలో మీ బ్యాగులు తెరిచి చూడండి. అంకెలు చెరిగాయా, అంచు గుచ్చుకుంటోందని కత్తిరించేశారా, లేక అక్కడ లేబుల్ ఉందని ఎవరూ గమనించనే లేదా, అది తేలాకే నేత లేబుళ్లకు ఆర్డరివ్వండి.