పాడి ప్రశ్నలు: గేదె పాల మీద ఈ నింద ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. రెండు ముర్రా గేదెలున్నాయి. పన్నెండేళ్లుగా టౌనులో ఇళ్లకు పాలు పోస్తున్నాను. ఈమధ్య మూడిళ్లవాళ్లు మానేశారు. దేశీ ఆవు ఏ2 పాలే మంచివట, గేదె పాలు ఏ1 అట, తాగితే పిల్లలు మొద్దుబారిపోతారట. నిజమేనా? గేదెల్ని అమ్మేసి నాటావును కొనమని మా అబ్బాయి గొడవ. ఒక గేదెకు చూడి ఎనిమిదో నెల దాటింది, ఇంకా పూటకు రెండు లీటర్లు ఇస్తోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, గేదె పాలు ఏ1 కావు. ఏ2 అని ఇవాళ రెట్టింపు ధర పెట్టి కొంటున్నది మీ గేదె పొదుగులో ఎప్పటినుంచో ఉంది.

పాలలో బీటా కేసిన్ అనే ప్రోటీను ఉంటుంది. 209 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ అనుకోండి. 67వ పూస ప్రోలిన్ అయితే ఏ2, హిస్టిడిన్ అయితే ఏ1. ఏ1 ఎక్కువగా కనిపించేది హోల్‌స్టీన్ వంటి యూరప్ ఆవుల్లో. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ వాళ్లు మన పశువుల్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. నాటావుల్లో చాలావరకు ఏ2 ఉంది. పరీక్షించిన గేదె జాతుల్లోనైతే అంతా ఏ2నే.

పోనీ ఏ1 విషమా అంటే, అదీ కాదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లోనే అధ్యయనాలన్నీ తిరగేసి, దానికీ జబ్బులకూ సంబంధం రుజువు కాలేదంది. మన ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టులో ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అనే రాతలు తీసేయమని చెప్పి, కొద్దిరోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది.

మొద్దుబారడం అన్నది గేదె నడక చూసి మనవాళ్లు అంటగట్టిన మాట. ఆవు పాలలో వెన్న 4 శాతం అటూఇటూ ఉంటే గేదె పాలలో 6 నుంచి 8 దాకా ఉంటుంది. అరగడానికి కాస్త టైము పడుతుంది, అంతే. ప్రోటీను, కాల్షియం ఆవు పాలకంటే ఎక్కువే. గుండెజబ్బు ఉన్నవాళ్లయితే మీగడ తీసి తాగమనండి. ఏడాదిలోపు పసివాళ్లకు ఆవు పాలైనా గేదె పాలైనా తల్లిపాలకు బదులు కావు.

'దున్నపోతు మీద వాన పడ్డట్టు' అంటాం చూడండి, ఆ మాట నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. నల్లతోలు, ఆవుకున్నన్ని చెమట గ్రంథులు లేవు. వాన పడితే ఒళ్లు చల్లబడి కదలకుండా నిలబడుతుంది. అది మొద్దుతనం కాదు, ప్రాణానికి హాయి. దేశంలో పాలు సగానికి కాస్త తక్కువగా గేదెలవే. గేదె పాలు పొడి చెయ్యడం కుదరదని విదేశీ నిపుణులంటే, గుజరాత్‌లోని ఆనంద్‌లో, అమూల్ పాల సంఘం ఇంజనీరు దలాయా చేసి చూపించారు. ఆ ఫ్యాక్టరీ 1955లో మొదలైంది. మన పాల సహకార సంఘాలు నిలబడింది గేదె వెన్న మీదనే.

దాని తెలివి నేను దగ్గర్నుంచి చూశాను. బాపట్ల వైపు పనిచేసే రోజుల్లో, గేదె రెండు రోజులుగా చేపడం లేదని కబురొస్తే వెళ్లాను. రోజూ పితికే ఇల్లాలు కూతురి పురుడుకు వెళ్లింది. పొదుగు రాయిలా ఉంది. ఇంజెక్షను తియ్యబోతుంటే వాళ్లత్త ఆపి, కోడలు విడిచిన చీర తెచ్చి కొడుక్కి తలమీదుగా చుట్టింది. గేదె మెడ తిప్పి కొంగు వాసన చూసింది. ముట్టెతో రెండుసార్లు తోసింది. దూడను వదిలి, పొదుగు కడిగారు. కాసేపటికి నాలుగు చన్నులూ ఉబ్బాయి. గేదె పాలలో నూటికి 95 వంతులు పొదుగు లోపలి తిత్తుల్లో ఉంటాయి, మనసు కుదిరితేనే కిందికి దిగుతాయి. అందుకే ఇన్నేళ్లూ మీ చేతికి అలవాటుపడ్డ ఆ గేదెల్ని ఇంకొకరు కొన్నా, మీకిచ్చినన్ని పాలు వాళ్లకు వెంటనే ఇవ్వకపోవచ్చు.

మీ అబ్బాయికి లెక్క చెప్పండి. ఒంగోలు ఆవు దుక్కికీ బండికీ పెంచుకున్న జాతి. పూటకు లీటరు, లీటరున్నర ఇస్తే మంచి ఆవు కింద లెక్క. మురిపెంగా ఒకటి పెంచుకోండి, నేనూ సంతోషిస్తాను. గేదెల్ని అమ్మి మాత్రం వద్దు. మీ పాల డబ్బు మీ చేతిలో ఉండటం ఇంటికి ఎంత అండో పన్నెండేళ్లుగా మీకే తెలుసు.

అసలు తొందరపడాల్సింది చూడి గేదె విషయంలో. గేదెకు చూడి పది నెలల పది రోజులు. ఈనడానికి రెండు నెలల ముందే పితకడం ఆపాలి. మీకు ఆ గడువు వచ్చేసింది. దాణా తగ్గించి, పూట మార్చి పూట పితికి, వారం పది రోజుల్లో వట్టిపోనివ్వండి. ఆఖరిసారి పితికాక చన్నుల్లోకి ఎక్కించే మందు గురించి మీ ఊరి పశువైద్యుణ్ని అడగండి. పాలు ఆగాక దాణా మళ్లీ మెల్లగా పెంచండి. ఈనాక మొదటి గంటలోనే జున్నుపాలు దూడకు తాగించండి, టౌనులో ఎవరెంత అడిగినా మిగిలినవే పోయండి.