మా నాన్న జ్ఞాపకాలకు ప్రొటీన్ పౌడర్ ఉందా డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది కనిగిరి. నాన్నకు 71 ఏళ్లు, రిటైరైన తెలుగు మాస్టారు. రెండేళ్లుగా మతిమరుపు. యాభై ఏళ్ల కిందట క్లాసులో చెప్పిన పద్యాలు తప్పు లేకుండా చదువుతారు, పొద్దున ఏం టిఫిన్ తిన్నారో చెప్పలేరు. జ్ఞాపకాలు నిలిచేది ప్రయాన్ లాంటి ప్రొటీన్ల వల్లేనని చదివాను. అవి పెరగడానికి పౌడర్ కానీ మాత్ర కానీ ఉందా? పిచ్చి ఆవు జబ్బు కూడా ప్రయాన్లతోనే వస్తుందట, వేటమాంసం మానేయాలా? షుగర్‌కు పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్, రోజూ గ్యాస్ మాత్ర, గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నారు. నిద్రకు ఆల్ప్రజోలామ్ నాలుగేళ్లుగా మెడికల్ షాపులో తెస్తున్నాం. నెల కిందట బాత్‌రూములో జారిపడ్డారు, దెబ్బేమీ తగల్లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ బాత్‌రూము సంగతి. ఈ వయసులో, అదీ ఆస్పిరిన్ వేసుకునే మనిషి పడితే, పైకి బొప్పి కూడా కట్టకపోయినా మెదడు పైపొరల మధ్య రక్తం మెల్లగా చేరి కొన్ని వారాల తర్వాత బయటపడవచ్చు. పడిన దగ్గర్నుంచి మతిమరుపు ఎక్కువైందా? మగతగా ఉంటున్నారా? తలనొప్పి అంటున్నారా, నడుస్తుంటే ఒక పక్కకి తూలుతున్నారా? ఏ ఒక్కటి ఉన్నా ఇవాళే ఒంగోలు తీసుకొచ్చి తలకు సీటీ స్కాన్ తీయించండి. ఏవీ లేకపోయినా ఈ వారంలో డాక్టరుకు చూపించి, స్కాన్ అవసరమా అని అడగండి. నెల రోజులు ఎలా ఊరుకున్నారమ్మా?

ఇక ప్రొటీన్. మీరు చదివినదానికి ఆధారం ఉంది, కానీ అది ఇంకా పూర్తిగా తేలలేదు. మెదడులో చాలా ప్రొటీన్లు రోజుల్లో, వారాల్లో అరిగిపోయి కొత్తవి వస్తుంటాయి, మరి యాభై ఏళ్ల నాటి పద్యం దేన్ని పట్టుకుని నిలబడింది? 2003లో కౌశిక్ సీ, ఎరిక్ కాండెల్, సూసన్ లిండ్‌క్విస్ట్ అనే శాస్త్రవేత్తలు సముద్రపు నత్త నాడీకణాల్లోని సీపీఈబీ అనే ప్రొటీన్‌ను ఈస్ట్‌లో పెట్టి చూసి, అది ప్రయాన్‌లా నడుచుకుంటోందని చెప్పారు. అంటే ఒక అణువు ఆకారం మార్చుకుంటే పక్కవాటినీ తన ఆకారంలోకి లాక్కుంటుంది. పెరుగు తోడు అనుకోండి, రోజూ పాలు కొత్తవే, తోడు మాత్రం నిన్నటి పెరుగుది. ఆ గుంపు రెండు నాడీకణాలు కలిసే చోట ఉండి, అక్కడికి కావలసిన ప్రొటీన్లు తయారయ్యేలా చూస్తుంది, అందుకే ఆ కలయిక గట్టిగా నిలుస్తుందని వాళ్ల ఆలోచన. తర్వాత ఈగల్లో, ఎలుకల్లో కూడా ఇలాంటివే దొరికాయి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎలుకలు దారి నేర్చుకున్న రెండు వారాలకు వాటి మెదడులో సీపీఈబీ3 (అదే కుటుంబపు ప్రొటీన్) లేకుండా చేస్తే ఆ దారి మరిచిపోయాయి. మనుషుల్లో ఇంత స్పష్టంగా తేలలేదు.

ఇది బయటి నుంచి పోసేది కాదు. ఏ పౌడర్ తాగినా పొట్టలో జీర్ణమైపోతుంది, మెదడు తనకు కావలసినదాన్ని తన కణాల్లోనే తయారు చేసుకుంటుంది. పైగా మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు ఎంత ఉన్నాయో మీకు తెలుసు, షుగర్ ఉన్న మనిషికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ప్రొటీన్ డబ్బా తెచ్చి పెట్టకండి.

వేటమాంసం గురించి భయం వద్దు. పిచ్చి ఆవు జబ్బు మనుషులకు సోకిందని 1996లో బ్రిటన్‌లో బయటపడింది, అది జబ్బు పడిన పశువుల మాంసంతో. మనుషుల్లో ప్రయాన్ జబ్బు ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది, వస్తే నెలల్లోనే మనిషిని మంచాన పడేస్తుంది. రెండేళ్లుగా మెల్లగా నడుస్తున్న మతిమరుపు సాధారణంగా అది కాదు.

నా బాధంతా ఆ నిద్రమాత్ర గురించి. అసలు ఎవరు రాశారు, ఎన్ని రోజులకు రాశారు? చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. పాత చీటీ చూపించో, ఖాళీ షీటు చూపించో నాలుగేళ్లు తెచ్చుకున్నారు, ఇచ్చినవాళ్లూ అడగలేదు, మీరూ అడగలేదు, ఇలాంటి ఇళ్లు నాకు తరచూ కనిపిస్తాయి, కోపం కన్నా దిగులే ఎక్కువ వస్తుంది. ఆల్ప్రజోలామ్ కొత్త విషయాన్ని మెదడులో నమోదు కానివ్వదు. పాతది ముందే లోపల స్థిరపడింది కాబట్టి పద్యాలు వస్తున్నాయి, పొద్దుటి ఇడ్లీ అసలు లోపలికే చేరడం లేదేమో. అల్జీమర్స్‌లోనూ సరిగ్గా ఇలాగే ఉంటుంది, కాబట్టి చూడకుండా ఇదే కారణమని నేను అనను. కానీ పెద్దవాళ్లు రాత్రిపూట తూలి పడటానికీ ఈ మాత్ర ఒక కారణం, మీ నాన్నగారు జారింది నీళ్లకేనా అన్నది కూడా ఆలోచించాలి. అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి! నాలుగేళ్లు వాడినదాన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఇంకొకటి, మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి కలిసి వాడితే బి12 తగ్గిపోవచ్చు, దానివల్లా మతిమరుపు వస్తుంది, అది ఇంజెక్షన్లతో బాగయ్యే అవకాశం ఉన్న రకం. బి12, థైరాయిడ్, సోడియం, క్రియాటినిన్ చూపించండి, షుగర్ మరీ పడిపోతోందేమో కూడా చూడాలి. మనిషిని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. ఫిజీషియన్ దగ్గరికి కానీ న్యూరాలజిస్టు దగ్గరికి కానీ వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, ఖాళీ షీట్లతో సహా. జలుబుకని, దురదకని మధ్యలో కొన్నవి కూడా అందులో వేయండి.