ఆక్సిజన్ పోస్టు కేసు: అభియోగపత్రం కోర్టుకు చేరిన తేదీ ఏది?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని. 2021 మే నెలలో మా మేనమామకు కరోనా వస్తే జిల్లా ఆసుపత్రిలో చేర్చాం. మే 11 రాత్రి వార్డులో ఆక్సిజన్ పీడనం పడిపోయింది. తెల్లవారేలోపు మామయ్యతోపాటు మరికొందరు చనిపోయారు. ‘ఆక్సిజన్ అందక చనిపోయారు, ప్రభుత్వం లెక్కలు దాస్తోంది’ అని 12వ తేదీన ఫేస్‌బుక్‌లో రాశాను. అధికారులు ఖండించారు. స్థానికంగా ఒకరు ఫిర్యాదు చేయగా పోలీసులు ఐపీసీ 188, 505(1)(బి), విపత్తు నిర్వహణ చట్టం 54 సెక్షన్ల కింద కేసు పెట్టారు. అరెస్టు చేయకుండా విచారణకు పిలిచే 41ఎ నోటీసు ఇచ్చి, క్షమాపణ రాయించుకుని పంపేశారు. భయపడి పోస్టు తీసేశాను. ఇన్నేళ్లకు పోయిన నెలలో సమన్లు వచ్చాయి. వాటిలో 188, 54 మాత్రమే ఉన్నాయి. కోర్టు కేసుకిచ్చే సి.సి. నంబరు 2023వ సంవత్సరానిది. నాకు విదేశంలో ఉద్యోగం ఖాయమైంది. లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకుని వెయ్యి రూపాయలు కడితే మధ్యాహ్నానికల్లా అయిపోతుందని కోర్టు దగ్గర ఒకాయన చెబుతున్నారు. ఊరంతా అన్న మాటే నేనూ అన్నాను. నిజం చెప్పడం నేరమా? ఆ చావులను దాచిన అధికారులపై నేను కేసు వేయలేనా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ రాత్రి గురించీ, ఆ తర్వాత మీకు జరిగిన అవమానం గురించీ ఉంది. సమన్ల సంగతి మాత్రం చివర్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేశారు. మీ కేసును తేల్చేది ఆ రెండు ముక్కలే. ఈ కేసు కోర్టు ముందుకు ఎవరి సంతకంతో వచ్చింది? ఏ తేదీన వచ్చింది? మీరు రాసింది నిజమా, అబద్ధమా అనే విచారణ మొదలు కాకముందే ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి.

ముందు సంతకం సంగతి. 188 సెక్షన్ అంటే ప్రభుత్వాధికారి జారీచేసిన ఉత్తర్వును ధిక్కరించడం. ఆ నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించాలంటే ఆ అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ స్వయంగా కోర్టుకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 195వ సెక్షన్ చెబుతోంది. ఇది తప్పనిసరి నిబంధన అని సుప్రీంకోర్టు 2010లో సి. మునియప్పన్ కేసులో తేల్చింది. విపత్తు నిర్వహణ చట్టంలోని 60వ సెక్షన్ కూడా ఇలాంటిదే. ఆ చట్టం కింది నేరాలను జాతీయ, రాష్ట్ర, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థలో, ప్రభుత్వమో, అవి అధికారమిచ్చిన అధికారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు స్వీకరించాలి. లేదా 30 రోజులకు తగ్గకుండా ముందస్తు నోటీసు ఇచ్చిన వ్యక్తి నేరుగా కోర్టుకు రావాలి. ఎవరో స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇస్తే, దాని మీద ఎస్సై దర్యాప్తు చేసి వేసిన అభియోగపత్రం ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. లాక్‌డౌన్ ఉత్తర్వు ఇచ్చింది ఎస్సై కాదు. ఆ ఉత్తర్వు ఇచ్చినవారికి ఆయన పైఅధికారీ కాదు. పైగా ఆసుపత్రి గురించి రాయకూడదని ఏ ఉత్తర్వులో ఉందో, దాన్ని మీరెలా ధిక్కరించారో అభియోగపత్రంలో చెప్పి ఉండాలి. చాలా కేసుల్లో ఆ ఉత్తర్వు ప్రతి కూడా జతచేయరు.

ఇక తేదీ. ప్రజల్లో భయం పుట్టించే మాటలకు వర్తించే 505(1)(బి)కి శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. ఆ సెక్షన్ కింద కోర్టు కేసు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి రాలేదో, ఆధారం దొరకలేదో, మొత్తానికి సమన్లలో అది లేదు. మీ కథంతటిలో మీకు అన్నిటికంటే మేలుచేసే విషయం ఇదే. మిగిలిన రెండు సెక్షన్లలో, తప్పుడు హెచ్చరికకు వర్తించే 54 కింద గరిష్ఠ శిక్ష ఒక ఏడాది, 188 కింద ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు. ఏడాదికి మించని శిక్ష ఉన్న నేరానికి అదే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 468వ సెక్షన్ ప్రకారం కేసు దాఖలుకు కాలపరిమితి ఒక్క ఏడాది. 505 కూడా ఉండి ఉంటే మూడేళ్లు లెక్కపెట్టాల్సి వచ్చేది.

మీ పోస్టు 2021 మే 12 నాటిది. మామూలు లెక్కన 2022 మేతో గడువు తీరింది. అయితే కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని కాలపరిమితి లెక్కలోంచి సుప్రీంకోర్టు మినహాయించింది. ఆ మినహాయింపు ప్రాసిక్యూషన్‌కు కూడా వర్తిస్తుందని అవతలివారు వాదిస్తారు. వాదించనివ్వండి. ఆ మాట ఒప్పుకుని లెక్కవేసినా 2022 మార్చి 1 నుంచి ఏడాది అంటే 2023 ఫిబ్రవరి చివరికి గడువు ముగిసింది.

‘2023వ సంవత్సరపు నంబరు’ అని మాత్రమే రాస్తే నాకు చాలదని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. జనవరిలో దాఖలైతే ఒక వాదన, జూలైలో దాఖలైతే ఇంకో వాదన. సి.సి. నంబరు పడిన రోజును కూడా నమ్ముకోకండి. అభ్యంతరాలతో వెనక్కి వెళ్లి, సరిచేసి, తిరిగి వేసిన అభియోగపత్రాలకు నంబరు ఆలస్యంగా పడుతుంది. 2013లో సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఏమిటంటే, కాలపరిమితికి చూడాల్సింది కేసు దాఖలైన తేదీనే తప్ప మెజిస్ట్రేట్ దాన్ని స్వీకరించిన తేదీ కాదు. కాబట్టి అభియోగపత్రం మొదటి పేజీ మీద కోర్టు వేసిన ముద్ర తేదీ కావాలి. గడువు దాటిన తర్వాత దాఖలై ఉంటే, ఆలస్యాన్ని మన్నించమని ప్రాసిక్యూషన్ దరఖాస్తు వేసిందా, మీకు నోటీసు ఇచ్చి మీ మాట విన్నారా అన్నది కూడా రికార్డులో చూడాలి. మీకు చెప్పకుండా మన్నించి ఉంటే ఆ ఉత్తర్వు నిలవడం కష్టం.

ఒకవేళ జనవరిలోనే దాఖలై ఉంటే? అప్పుడు కాలపరిమితి వాదన బలహీనపడుతుంది గానీ సంతకం వాదన అలాగే ఉంటుంది. ఆ లోపాన్ని ఇప్పుడు సరిదిద్దుకుందామన్నా కలెక్టరు కొత్తగా ఫిర్యాదు వేయడానికి గడువు ఎప్పుడో దాటిపోయింది.

మీ ఉత్తరంలోని మిగతా వివరాలు చూశాక, మీరు చేసిన కొన్ని పనుల గురించి కటువుగానే చెప్పాలి. చదువు చెప్పే వృత్తిలో ఉండి ఎఫ్ఐఆర్ ప్రతి తీసుకోలేదు. 41ఎ నోటీసు పారేసుకున్నారు. పోస్టు తొలగించేముందు దాన్నీ, కింది వ్యాఖ్యలనూ, తేదీ, సమయంతో సహా భద్రపరచలేదు. ఇల్లు మారి స్టేషన్‌లో కొత్త చిరునామా ఇవ్వలేదు. ఈ మధ్యలో సమన్లు అందక మీపై వారంటు వెళ్లి ఉంటే, విమానాశ్రయంలో మిమ్మల్ని ఆపిన రోజున అది తెలిసేది. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో కూడా నాకు రాయలేదు. అదృష్టవశాత్తూ ఈ విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం ఒకటే.

స్టేషన్‌లో రాసిచ్చిన క్షమాపణకు మాత్రం భయపడకండి. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా రుజువు చేయడానికి వీల్లేదు. మీ పోస్టు స్క్రీన్‌షాట్‌కు కూడా ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సాక్ష్య చట్టం 65బి ధ్రువపత్రం ఉండాలి. అది తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫిర్యాదుదారు ఎవరో వాట్సాప్‌లో పంపిన బొమ్మను కాగితంపై ముద్రించి జతచేసి ఉంటే అది నిలవదు. కనుక కోర్టులో నోరు జారి ‘అవును, ఆ పోస్టు నాదే, నిజమే రాశాను’ అని మీరే ఆ ఖాళీ పూరించకండి. వాళ్లు రుజువు చేయాల్సినదాన్ని వాళ్లనే చేయనివ్వండి.

ఇక ఆ వెయ్యి రూపాయల సలహా. దాని జోలికి వెళ్లకండి. 188 రాజీకి వీలున్న నేరం కాదు. రాజీకి వీల్లేని నేరాలపై లోక్ అదాలత్‌కు అధికారమే లేదు. అక్కడ నిజంగా జరిగేది ఏమిటంటే, ఆ రోజున మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టి ‘నేరం ఒప్పుకుంటున్నాను’ అనిపిస్తారు, జరిమానా వేస్తారు, రసీదు ఇస్తారు. ఆ రసీదు మీ నేరస్థాపనకు రుజువు. తప్పు ఒప్పుకున్న తీర్పుపై, శిక్ష పరిమాణం, చట్టబద్ధత విషయంలో తప్ప, అప్పీలు కూడా ఉండదు. ఆ జరిమానాతో పాస్‌పోర్టు పోదు, నిజమే. కానీ వీసా దరఖాస్తులో ‘మీకెప్పుడైనా నేరానికి శిక్ష పడిందా’ అన్న ప్రశ్నకు జీవితాంతం ‘అవును’ అని రాయాలి. గెలిచే కేసులో ఓటమి కొనుక్కోవడానికి డబ్బు కడతారా? మీ మామయ్య చనిపోయిన రాత్రి గురించి మీరు రాసింది అబద్ధమని మీ సంతకంతో మీరే ఒప్పుకుంటారా?

ప్రభుత్వాన్ని విమర్శించే హక్కు గురించి అడిగారు. ఆ హక్కు ఉంది. 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఆక్సిజన్, పడకలు, మందుల కొరత గురించి సామాజిక మాధ్యమాల్లో చెప్పుకునే పౌరులను వేధిస్తే కోర్టు ధిక్కారంగా చూస్తామని రాష్ట్రాలన్నిటినీ హెచ్చరించింది. మీపై కేసు పెట్టింది ఆ తర్వాతే. జూన్ 3న వినోద్ దువా కేసులో, కరోనా సమయంలో ప్రభుత్వ తీరును తప్పుపట్టినందుకు హిమాచల్ ప్రదేశ్‌లో ఆయనపై పెట్టిన రాజద్రోహం కేసును కొట్టేసింది. కర్నూలులో కొత్త రకం వైరస్ గురించి మాట్లాడినందుకు ఆ మే నెలలోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడిపైనా కేసు పెట్టారు. మహమ్మారిలో ప్రభుత్వంతో విభేదించడం నేరమన్న ఆలోచన అప్పట్లో ఎంత దూరం వెళ్లిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక పౌరుడిగా నాకు అది బాధ కలిగించింది, ఇప్పటికీ కలిగిస్తోంది. అయితే ఈ తీర్పులు మీ పిటిషన్‌లో రెండో వరుసలో ఉండాలి. ముందు వరుసలో సంతకం, తేదీ. భావప్రకటన స్వేచ్ఛ మీద వాదన గంట నడుస్తుంది. 195, 60, 468 సెక్షన్ల మీద పది నిమిషాలు చాలు.

నిజం ఎక్కడ పనికొస్తుందంటే, విచారణ దాకా వెళితే. 54వ సెక్షన్ ‘తప్పుడు’ హెచ్చరిక గురించి, అదీ భయాందోళనకు దారితీసిన దాని గురించి. ఆ రెండూ ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. మృతులు అంతకంటే ఎక్కువని బంధువులు అన్నారు. అందరూ ఆ వార్తే మాట్లాడుకుంటున్న వారంలో, ప్రజల భయం మీ ఒక్క పోస్టు వల్లే పుట్టిందని ఎవరు చూపగలరు? అయినా ముందుజాగ్రత్తగా ఆసుపత్రి ఆక్సిజన్ నమోదు పుస్తకం, ట్యాంకరు వచ్చిన వేళలు, ఆ రాత్రి మరణాల రిజిస్టరు ప్రతులకు సమాచార హక్కు చట్టం కింద ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పాత రికార్డులు ఎల్లకాలం ఉండవు.

అధికారులపై కేసు గురించి సూటిగా చెబుతాను. మరణానికి పరిహారం కోరే సివిల్ దావాకు కాలపరిమితి రెండేళ్లు. కరోనా మినహాయింపు కలిపినా 2024 ఫిబ్రవరితో అది ముగిసింది. హైకోర్టులో రిట్‌కు నిర్దిష్ట గడువు లేదు గానీ ఇన్నేళ్ల ఆలస్యానికి కారణం చెప్పాలి, మీరు చెప్పలేరు. దానికంటే మీ అత్తయ్యకు కరోనా మృతుల కుటుంబాలకిచ్చే 50,000 రూపాయలు వచ్చాయో లేదో ఎందుకు రాయలేదు? పాత మరణాలకు దరఖాస్తు గడువు 2022 మే నెలతో పోయింది. నిజమైన ఇబ్బంది వల్ల వేయలేకపోయినవారు జిల్లా ఫిర్యాదుల పరిష్కార కమిటీకి విన్నవించుకోవచ్చని సుప్రీంకోర్టు వీలు కల్పించింది. మరణ ధ్రువపత్రం, కరోనా పరీక్ష నివేదిక తీసుకుని ఆమెతో ఆ దరఖాస్తు వేయించి చూడండి. ఇప్పటికైనా ఆమెకు అందితే మంచిది.

మీ కేసులో చేయాల్సింది: ఈ వారంలోనే కోర్టులో కాపీ దరఖాస్తు వేసి ఎఫ్ఐఆర్, అభియోగపత్రం, కేసును స్వీకరించిన రోజు నుంచి ఉన్న డాకెట్ ఉత్తర్వుల సర్టిఫైడ్ ప్రతులు తీసుకోండి. అభియోగపత్రం లోపల కూడా 505 లేదని చూసుకోండి. సమన్లలో ఉన్న తేదీన తప్పక హాజరవ్వండి. నేరం చదివి వినిపిస్తే ‘ఒప్పుకోవడం లేదు’ అని మాత్రమే చెప్పండి. ఇది సమన్స్ కేసు (తక్కువ శిక్ష ఉన్న నేరాలకు నడిచేది), పోలీసు అభియోగపత్రంపై నడుస్తున్నది కాబట్టి, పాత కోడ్ 258వ సెక్షన్ కింద విచారణ ఆపివేయమని ఆ మెజిస్ట్రేట్‌నే కోరవచ్చు. సాక్ష్యం మొదలయ్యేలోపు ఆపితే దానికి డిశ్చార్జితో, అంటే విచారణ లేకుండానే విడుదల చేయడంతో సమానమైన ఫలితం ఉంటుంది. కేసు పాత కోడ్ ఉన్నప్పుడు మొదలైంది గనుక కొత్త కోడ్ అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 తర్వాత కూడా అది పాత కోడ్ కిందే సాగుతుంది. మెజిస్ట్రేట్ ఒప్పుకోకపోతే, లేదా ఉద్యోగంలో చేరే గడువు దగ్గరపడితే, హైకోర్టులో కేసు కొట్టివేతకు పిటిషన్ వేయించండి; అది ఇప్పుడు కొత్తగా వేసేది గనుక కొత్త కోడ్ అయిన నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద వేయాలి. అది తేలేలోపు పాస్‌పోర్టు అవసరమైతే, 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం విదేశీ ప్రయాణానికి అనుమతి కోరుతూ అదే మెజిస్ట్రేట్ కోర్టులో విడిగా దరఖాస్తు వేయండి. ఉద్యోగ నియామక పత్రం జతచేస్తే సాధారణంగా అనుమతి దొరుకుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో మాత్రం కేసు ఉన్న సంగతి దాచకండి. దాస్తే ఈ కేసు పోయినా కొత్త కేసు వస్తుంది.