సిటీలో వినడానికి చేతి స్కానర్ ఏది కొనాలి? జెర్సీ సిటీ నుంచి నా అనుభవం

జెర్సీ సిటీకి కొత్తగా వచ్చాను, ఫైర్, పోలీస్, విమానాలు, ఓడలు అన్నీ వినాలని ఉంది, 700 డాలర్లు పెట్టి యూనిడెన్ కంపెనీ ఎస్‌డీఎస్100 స్కానర్ (చుట్టుపక్కల వైర్‌లెస్ మాటలు వినే చేతి రేడియో) కొనేయనా, తర్వాత దాన్ని హైదరాబాద్‌లో ఉన్న నాన్నగారికి ఇవ్వొచ్చా అని మీరు అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇక్కడే హడ్సన్ ఒడ్డున ఉంటున్నాను. ఎస్‌డీఎస్100 నా దగ్గర ఉంది, యూనిడెన్ వాళ్లదే బీసీ125ఏటీ కూడా ఉంది. మీకు ముందు కావాల్సింది రెండోది. 125 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది.

స్కానర్ కొనే ముందు అందరూ ఫీచర్లు పోల్చి చూస్తారు. దానికంటే ముందు, మీ చుట్టుపక్కల ఎవరు ఏ బ్యాండులో, ఏ పద్ధతిలో మాట్లాడుకుంటున్నారో చూడాలి. ఎక్కడ ఎవరు ఏ ఫ్రీక్వెన్సీ వాడతారో చూపే రేడియోరిఫరెన్స్ సైటులో మీ కౌంటీ పేజీ తెరవండి. ట్రంకింగ్ వ్యవస్థల (చాలా విభాగాలు కొన్ని ఛానళ్లనే పంచుకునేవి) పట్టికల్లో మోడ్ అని ఒక గడి ఉంటుంది. అందులో 'డి' ఉంటే డిజిటల్, 'టి' ఉంటే పీ25 (ప్రభుత్వ విభాగాలు వాడే డిజిటల్ రేడియో పద్ధతి) ఫేజ్ 2. ఆ అక్షరం పక్కన 'ఇ' చేరితే ఎన్‌క్రిప్షన్ ఉన్నట్టు, అంటే బయటివాళ్లకు అర్థం కాకుండా మాటలకు తాళం వేసినట్టు. ఎన్‌క్రిప్ట్ చేసిన మాటల్ని ఎంత ఖరీదైన స్కానరూ విప్పలేదు.

పోలీసుల విషయం అందుకే ముందే తెలుసుకోవాలి. న్యూయార్క్ పోలీసులు 2023 వేసవిలో బ్రూక్లిన్‌లోని కొన్ని ప్రెసింక్టులతో (పోలీస్ స్టేషన్ పరిధులతో) ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టారు. తర్వాత అది మిగతా చోట్లకూ పాకింది. మన వీధిలో ఏం జరుగుతోందో మనం వినగలిగే దారి ఒకటి మూసుకుపోతున్నందుకు నాకు బాధగానే ఉంది. పోలీసుల కోసమే 700 డాలర్లు పెట్టాలనుకుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి.

ఇక ఇక్కడ ఎన్‌క్రిప్షన్ లేకుండా తెరిచి ఉన్నవాటిలో చాలా భాగం డిజిటల్ కాని మామూలు అనలాగే. బీసీ125ఏటీ 25 నుంచి 512 మెగాహెర్ట్జ్ వరకు, మధ్యలో కొన్ని ఖాళీలు వదిలి, అందుకుంటుంది. 500 ఛానళ్లు, వాటిని గుంపులుగా దాచుకోవడానికి 10 బ్యాంకులు. ఒక్కో బ్యాంకుకు ఒక్కో విషయం పెట్టుకోండి, లేకపోతే అన్నీ కలగాపులగమై ఏదీ సరిగ్గా వినలేరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 123.05 మెగాహెర్ట్జ్. హడ్సన్ నది మీద తక్కువ ఎత్తులో ఎగిరే హెలికాప్టర్లు, చిన్న విమానాలు తాము ఎక్కడున్నామో ఒకదానికొకటి ఆ ఫ్రీక్వెన్సీలోనే చెప్పుకుంటాయి. అలా చెప్పి తీరాల్సిన గుర్తుల్లో ఒకటి మన ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ దగ్గరున్న కోల్గేట్ గడియారం. పైలట్ 'క్లాక్' అనగానే తల ఎత్తి చూస్తే ఆ హెలికాప్టర్ ఎదురుగానే కనిపిస్తుంది. ఎయిర్‌పోర్టుల కంట్రోల్ టవర్లు చూస్తే, న్యూవార్క్ టవర్ 118.3, లగార్డియా టవర్ 118.7, కెనడీ టవర్ 119.1. ఇవన్నీ ఏఎం మోడ్, డిజిటల్‌తో పనిలేదు.

ఓడలకు మెరైన్ ఛానల్ 13, అంటే 156.650. వంతెనల కింద, మలుపుల దగ్గర నౌకలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది అక్కడే. ఓడరేవు ట్రాఫిక్ చూసే కోస్ట్ గార్డ్ కేంద్రం ఛానల్ 11, 12, 14లో ఉంటుంది. పొగమంచు పట్టిన పొద్దున ఇవి వింటుంటే ఎదురుగా ఏమీ కనిపించకపోయినా నదిలో ఎవరు ఎటు వెళ్తున్నారో మొత్తం తెలిసిపోతుంది. వాతావరణానికి 162.550. తుఫాను రోజుల్లో ఇంట్లో ఇంటర్నెట్ పోయినా ఇది పలుకుతుంది.

న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వినడానికి కొంచెం అలవాటు కావాలి. ప్రతి మాట చివర 'కే' అంటారు, అంటే నేను చెప్పడం అయింది, మీరు చెప్పండి అని. 'టెన్ సెవెంటీ ఫైవ్' అని వినిపిస్తే నిప్పు నిజమేనని, మరిన్ని బళ్లు కావాలని అర్థం. ఇంటి దగ్గర ఓ వారం, స్కానర్ మాటల్ని ఇంటర్నెట్‌లో వినిపించే బ్రాడ్‌కాస్టిఫైలో ఉచితంగా వినండి. నచ్చితేనే స్కానర్ కొనండి.

మరి ఎస్‌డీఎస్100 ఎవరికి? న్యూజెర్సీ రాష్ట్ర వ్యవస్థ 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో పీ25 డిజిటల్ మీద నడుస్తుంది. బీసీ125ఏటీ ఆ బ్యాండునే అందుకోదు. పైగా ఇలాంటి వ్యవస్థల్లో చాలావరకు సైమల్‌కాస్ట్ ఉంటుంది, అంటే చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. ఊళ్లో రెండు గుళ్ల మైకుల్లో ఒకే పాట కాస్త వెనకాముందుగా వస్తే మాటలు ఎలా కలిసిపోతాయో, మామూలు డిజిటల్ స్కానరుకు ఇక్కడ అలాగే అవుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తుంది. 2018లో వచ్చిన ఎస్‌డీఎస్100 వేరే రకం రిసీవర్‌తో ఈ చిక్కును చాలావరకు దాటింది. జిప్ కోడ్ కొడితే చాలు, చుట్టుపక్కల ఛానళ్లు తనే తెచ్చుకుంటుంది. బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది. మీ టౌన్ ఫైర్, అంబులెన్స్ ఛానళ్లు ఎన్‌క్రిప్షన్ లేని పీ25లో ఉంటే కొనండి, డబ్బు వృథా కాదు. మధ్య ధర డిజిటల్ మోడళ్లు మాత్రం సైమల్‌కాస్ట్ ఉన్న చోట వద్దు.

పాతిక డాలర్ల బావ్‌ఫెంగ్ వాకీటాకీ సరిపోదా అని చాలామంది అడుగుతారు. అది స్కాన్ చేసే వేగం తక్కువ, మామూలు మోడళ్లలో విమానాల బ్యాండు రాదు. అన్నిటికంటే ముఖ్యం, దానికి మాట్లాడే బటన్ ఉంది. పొరపాటున ఫైర్ ఛానల్లో నొక్కితే ఎవరి ప్రాణం మీదకైనా రావచ్చు. వినడానికి వినే పరికరమే కొనండి.

ఎంపైర్ స్టేట్ భవనం మీద ఎఫ్ఎం స్టేషన్లు చాలా ఉన్నాయి. నది ఒడ్డున వాటి బలానికి చిన్న రిసీవర్లు తబ్బిబ్బవుతాయి. విమానాల బ్యాండులో పాటలు వినిపిస్తే సెట్టు పాడైందని టెన్షన్ పడకండి. 88 నుంచి 108 వరకు ఆపే చిన్న ఎఫ్ఎం ఫిల్టర్ తగిలిస్తే చాలావరకు పోతుంది. కొత్త స్కానర్ కంటే ముందు ఆ ఫిల్టర్, ఒక మంచి పొడుగు యాంటెన్నా కొనడం మేలు.

హాలండ్ టన్నెల్ దాటి న్యూయార్క్‌లోకి కారులో వెళ్లేటప్పుడు జాగ్రత్త. పోలీసు ఫ్రీక్వెన్సీలు అందుకునే రిసీవర్లు వాహనంలో ఉండడం మీద న్యూయార్క్ రాష్ట్రంలో ఆంక్షలున్నాయి. హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ లైసెన్సులో మొదటి మెట్టైన టెక్నీషియన్ పరీక్ష 35 ప్రశ్నలే, 26 సరిగ్గా రాస్తే పాస్. ఎలాగూ ఆసక్తి ఉంది కాబట్టి రాసేయండి.

నాన్నగారి కోసం హైదరాబాద్‌కు మాత్రం స్కానర్ తీసుకెళ్లొద్దు. భారత్‌లో ఇలాంటి వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడానికే అనుమతి కావాలన్నది 1933 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకు పెద్దాయన సమాధానం చెప్పుకోవాల్సిన పరిస్థితి తేవద్దు. ఆయనకు రేడియో మీద మక్కువ ఉంటే సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు ఒకసారి వెళ్లి రమ్మనండి. 1983లో పెట్టిన సంస్థ అది. లైసెన్స్ వచ్చాక ఆయన వినడమే కాదు, మాట్లాడొచ్చు కూడా.

మీ టౌన్ పేజీలో మోడ్ గడిలో ఏముందో ఇక్కడ రాయండి, ఏ ఛానళ్లు ఏ బ్యాంకులో పెట్టుకోవాలో చెప్తాను.