స్నానాల గదికి అప్పు చేసే ముందు నీలం కార్డు తెచ్చుకోండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ పట్టణానికి దగ్గరలోని పల్లె. నాకు 38 ఏళ్లు. ప్రైవేటు మిల్లులో ఉద్యోగం, నెలకు 24,000 చేతికి వస్తాయి. రెండేళ్ల క్రితం మా నాన్న కొబ్బరిచెట్టు మీద నుంచి పడడంతో వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు, చక్రాల కుర్చీలోనే ఉంటారు. ఆయనకు 63 ఏళ్లు. అమ్మా నేనూ ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పెరట్లోని మరుగుదొడ్డికి మోసుకెళ్తున్నాం. నాన్న గదికి ఆనుకుని బాత్‌రూం కట్టాలంటే 2,40,000 అవుతుందని మేస్త్రి చెప్పారు. నా దగ్గర 90,000 డిపాజిట్ ఉంది. మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలా, పీఎఫ్ తీయాలా? ప్రభుత్వ సాయం ఏదైనా దొరుకుతుందా? నాన్న ఆధార్‌ను పార్వతీపురంలోని మా బాబాయి ఇంటి చిరునామాకు మార్పిస్తే ఆంధ్రలో నెలకు 15,000 పింఛను వస్తుందని బాబాయి అంటున్నారు. అది చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన కాగితాలన్నీ చదివాను. మేస్త్రి అంచనా ఉంది, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం ఉంది, నాన్నగారికి నెలకు 1,000 చొప్పున ఒడిశా ప్రభుత్వ మధుబాబు పింఛను పడుతున్నట్టు బ్యాంకు పుస్తకం ఉంది. ఉండవలసిన ఒక్క కాగితం మాత్రం లేదు. అది వైకల్య ధ్రువపత్రం. దెబ్బ తగిలి రెండేళ్లయినా నాన్నగారు ప్రభుత్వ లెక్కల్లో ఇంకా వృద్ధుడిగానే ఉన్నారు, వికలాంగుడిగా నమోదు కాలేదు. "నాకెందుకు ఆ వికలాంగుల కార్డు" అని ఆయనే వద్దన్నారని మీరు రాశారు. ఆ మాట వెనక ఉన్న బాధ నాకు తెలుసు. కానీ ఆ కార్డు లేకపోవడం వల్ల ఇంటికి ఎంత నష్టం జరుగుతోందో అంకెల్లో చూపిస్తే ఆయన కాదనరు.

ఒడిశాలో 80 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి మధుబాబు పింఛను నెలకు 3,500. నాన్నగారికి ఇప్పుడు వస్తున్నది 1,000. అంటే నెలకు 2,500, ఏడాదికి 30,000 మీరు వదులుకుంటున్నారు. స్నానాల గదికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు కదా, నా లెక్క మొత్తం ఈ 2,500 మీదే నిలబడుతుంది.

వికలాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. రాయగడ జిల్లా ప్రధాన ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం 40 శాతం లోపు ఉన్నవారికి తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు వారికి పసుపు, 80 నుంచి పైన ఉన్నవారికి నీలం కార్డు ఇస్తారు. మీకు కావలసింది నీలం కార్డు. డిశ్చార్జి పత్రం, వెన్ను స్కాను, ఫిజియోథెరపీ చీటీలు అన్నీ తీసుకెళ్లండి. భీమభోయి భిన్నక్షమ సామర్థ్య అభియాన్ శిబిరం మీ బ్లాకులో ఎప్పుడు జరుగుతుందో బ్లాకు కార్యాలయంలోని సామాజిక భద్రతా అధికారిని అడగండి. ధ్రువపత్రం, ఉపకరణాలు, పింఛను దరఖాస్తు అన్నీ అక్కడ ఒకేచోట చూస్తారు.

వెళ్లే ముందు ఒక్క పని చేయండి. నాన్నగారి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం బల్ల మీద పక్కపక్కన పెట్టి పేరును అక్షరం అక్షరం పోల్చండి. సరిహద్దులోని మన తెలుగువాళ్లకు ఇది పాత తలనొప్పి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా గుమాస్తా చివర రాస్తారు. ఒకచోట పూర్తి ఇంటిపేరు, ఇంకోచోట పొడి అక్షరం ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పింఛను సమస్యల్లో చాలావాటికి అసలు కారణం అర్హత కాదు, ఈ పేరు తేడాయే.

ఇక మీ బాబాయిగారి సలహా. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఆ మాట నిజం. కానీ అది ఆ రాష్ట్రంలో నివసించేవారికి ఇచ్చేది. నాన్నగారు ఉండేది మీ ఇంట్లో. చిరునామా మారిస్తే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది, ఇక్కడి పింఛనూ రేషనూ పోతాయి. పైగా 2025లో అక్కడ వికలాంగ పింఛనుదారులకు మళ్లీ వైద్య పరీక్షలు జరిపారు, అనర్హులని తేలినవారికి నోటీసులు వెళ్లాయి. వెన్ను విరిగిన మనిషిని అటూ ఇటూ తిప్పి, చివరికి రెండు రాష్ట్రాల్లోనూ ఏమీ దక్కకుండా చేసుకోవద్దు. కుటుంబం నిజంగానే పార్వతీపురం తరలి వెళ్తే అప్పుడు సంగతి వేరు. యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది.

ప్రభుత్వం గది కట్టిస్తుందా అంటే, మీ విషయంలో ఆ ఆశతో లెక్క వేయవద్దు. స్వచ్ఛభారత్ గ్రామీణ్ కింద వికలాంగులున్న కుటుంబానికి, దారిద్ర్యరేఖకు పైన ఉన్నా సరే, మరుగుదొడ్డికి 12,000 ఇస్తారు. కానీ పెరట్లోది 2017లో ఆ డబ్బుతోనే కట్టామని మీరే రాశారు. ఆ సాయం ఒక ఇంటికి ఒక్కసారే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన, ఒడిశా 2025లో మొదలుపెట్టిన అంత్యోదయ గృహ యోజన కచ్చా ఇళ్లలో ఉన్నవారికి. మీది పక్కా ఇల్లు. ఇది చదువుతున్నవారిలో మట్టి గోడల ఇంట్లో ఉంటూ వికలాంగులను చూసుకుంటున్నవారుంటే మాత్రం పంచాయతీలో తప్పక అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 37వ సెక్షన్ గృహనిర్మాణ పథకాల్లో 5 శాతం కేటాయించమంటోంది.

మీకు అందేది ఉపకరణాల రూపంలో. 60 దాటిన తక్కువ ఆదాయం వారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన, ఏ వయసు వికలాంగులకైనా అడిప్ పథకం ఉన్నాయి. కమోడ్ అమర్చిన చక్రాల కుర్చీ కావాలని ప్రత్యేకంగా అడగండి. మామూలు చక్రాల కుర్చీ ఇస్తామంటే, అది ఇప్పటికే ఉందని చెప్పండి. కమోడ్ కుర్చీ ఉంటే నాన్నగారిని సీటు మార్చి సీటు మీదికి ఎత్తే పని తగ్గుతుంది, అమ్మగారి నడుమూ నిలుస్తుంది.

ఇప్పుడు మేస్త్రి కాగితం. గోడలు, శ్లాబుకు 1,05,000. పైపులు, సెప్టిక్ ట్యాంకు కలపడానికి 38,000. పైకప్పు దాకా టైల్స్‌కు 42,000. సామగ్రికి 30,000. గీజరు, ఫాల్స్ సీలింగు, తలుపుకు 25,000. ఆయన అన్యాయంగా ఏమీ అడగలేదు, మంచి బాత్‌రూమే కట్టిస్తానంటున్నారు. కాకపోతే అది ఇంటికి వచ్చిన చుట్టాలు మెచ్చుకునే గది. నాన్నగారికి కావలసిన గది వేరు.

ఆయన గది పక్కన వెనక వసారా ఉంది కదా. దాని మూలలో రెండు గోడలు, పైన రేకులు ఇప్పటికే ఉన్నాయి. మిగిలిన రెండు గోడలు కడితే 45,000తో పోతుంది. పైపుల 38,000 తప్పదు. కింద జారని టైల్స్, గోడకు నాలుగడుగుల ఎత్తు వరకే టైల్స్, 20,000. కమోడ్, కుళాయిలు, పట్టుకునే కడ్డీలకు 22,000. పక్కకు జరిపే తలుపుకు 10,000. మొత్తం 1,35,000. ఈ అంకెలను మీ మేస్త్రి రాసిన ధరల నుంచే తీశాను, ఆయనతో మరోసారి కూర్చుని సరిచూసుకోండి.

గీజరును నేను కావాలనే తీసేశాను. నడుము కింద స్పర్శ లేని మనిషికి వేడినీళ్లు కాళ్ల మీద పడి కాలుతున్నా తెలియదు. బకెట్లో నీళ్లు కలిపి, అమ్మగారు మోచేయి పెట్టి చూసి పోయడమే క్షేమం. తలుపు దారి 36 అంగుళాలు ఖాళీగా ఉండాలి. కుర్చీ తిరగడానికి ఐదడుగుల వృత్తమంత చోటు కావాలి. గడప అసలు వద్దు. ఎక్కడైనా ఎత్తు తేడా వస్తే అంగుళానికి అడుగు చొప్పున వాలు వేయించండి. ఆరంగుళాల ఎత్తుకు ఆరడుగుల వాలు. కమోడ్ సీటు నేల నుంచి 18, 19 అంగుళాలు ఉంటే కుర్చీ సీటుకు దాదాపు సమానంగా వస్తుంది.

కడ్డీల దగ్గర పైసా కూడా మిగుల్చుకోవద్దు. బరంపురంలో మా అమ్మ చివరి రోజుల్లో చక్రాల కుర్చీలో ఉన్నప్పుడు, తువ్వాలు వేసుకునే స్టీలు రాడ్డే చాలనుకుని అదే బిగించాను. మూడో వారం ఆమె దాన్ని పట్టుకుని లేవబోతే స్క్రూలు ప్లాస్టరుతో సహా ఊడొచ్చాయి. ఆమె పడలేదు, నేను పక్కనే ఉన్నాను కాబట్టి. కానీ ఆ తర్వాత ఆమె ఏ కడ్డీనీ నమ్మలేదు. కడ్డీ ఇటుకలోకి, సిమెంటులోకి దిగాలి. బిగించాక ముందు మీరు మీ బరువంతా వేసి వేలాడి చూడండి.

డబ్బు సంగతి. 90,000లో 45,000 మాత్రమే తీయండి. ఇంట్లో అలాంటి రోగి ఉన్నప్పుడు ఏ రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాలో తెలియదు, మిగతా సగాన్ని ముట్టుకోవద్దు. ఇంకా 90,000 కావాలి.

పీఎఫ్‌ను వదిలేయండి. 2025 అక్టోబరు దాకా ఉన్న నిబంధనల్లో, ఇంటికి గదులు చేర్చుకోవడానికి పీఎఫ్ ముందస్తు ఇచ్చేవారు కానీ, ఇల్లు సభ్యుడి పేరున, లేదా భార్యాభర్తల పేరున ఉండాల్సి వచ్చేది. మీ ఇల్లు నాన్నగారి పేరున ఉంది. వికలాంగులకిచ్చే పీఎఫ్ ముందస్తు సభ్యుడే వికలాంగుడైతే వర్తించేది. కుటుంబ సభ్యుడి పక్షవాతం చికిత్సకు ఇచ్చేవారు, కానీ ఆ డబ్బు చికిత్సకే వాడాల్సి వచ్చేది. అదీ కాక, పీఎఫ్ మీద 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. అదే రేటు కొనసాగితే ఈ రోజు లక్ష కదపకపోతే మీకు 58 వచ్చేసరికి సుమారు 4,88,000 అవుతుంది.

నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఇంట్లో బంగారం ఉందని రాశారు. ప్రభుత్వ బ్యాంకులో దాని మీద 90,000 తీసుకోండి. వడ్డీ 10 శాతం అనుకుందాం. పెరిగే పింఛను 2,500కు మీ జీతంలో 1,500 కలిపి నెలకు 4,000 కడితే దాదాపు 25 నెలల్లో తీరిపోతుంది, వడ్డీ సుమారు 10,000 అవుతుంది. అదే 4,000 రెండు రూపాయల వడ్డీ అప్పుకు కడితే 30 నెలలు దాటుతుంది, వడ్డీ దాదాపు 31,000. బ్యాంకులో మాత్రం నెలవారీ వాయిదాల రకమే అడగండి. ఏడాది చివర అంతా ఒకేసారి కట్టే రకం తీసుకుంటే, ఆ రోజున మీ చేతిలో డబ్బు ఉండదు, నగ వేలానికి వెళ్తుంది. అమ్మగారు మిషన్ శక్తి మహిళా పొదుపు బృందంలో ఉంటే ముందు అక్కడ అడగండి. సకాలంలో కట్టే బృందాలకు రాష్ట్రం వడ్డీ రాయితీ ఇస్తోంది. అక్కడ ఎంత దొరికితే బంగారం మీద అంత తగ్గించండి.

ఆదాయపన్నులో, వికలాంగులను పోషించేవారికి ఇచ్చే 80డీడీ మినహాయింపు గురించి మీకు ఎవరో చెప్పారట. మీ జీతానికి పన్నే లేదు కాబట్టి దానితో మీకు పని లేదు.

పింఛను మంజూరయ్యాకే అప్పు తీసుకోండి. వైద్యులు 80 కంటే తక్కువ శాతం ఇస్తే 3,500 రాదు. అప్పుడు అప్పు జోలికి వెళ్లకుండా 45,000తో కమోడ్ కుర్చీ పెరటిదాకా వెళ్లే సిమెంటు దారి, పాత మరుగుదొడ్డికి వెడల్పాటి తలుపు, కడ్డీలు చేయించండి. ఈలోగా సోమవారం జరిగే కలెక్టరు జాయింట్ గ్రీవెన్స్‌లో (ప్రజల అర్జీలు వినే కార్యక్రమం) ఒక అర్జీ ఇవ్వండి. జిల్లా రెడ్‌క్రాస్ నిధి నుంచి కలెక్టర్లు ఇలాంటి కుటుంబాలకు సాయం చేయడం ఉంది. వస్తే అప్పు తగ్గుతుంది, లెక్కలో మాత్రం కలపవద్దు.

మేస్త్రి గునపం పట్టే ముందు వసారాలో సుద్దముక్కతో గోడలు, తలుపు, కమోడ్ గీయండి. నాన్నగారిని కుర్చీలో తీసుకొచ్చి ఆ గీతల మధ్య తిప్పి చూడండి. కుర్చీ నుంచి సీటు మీదికి జరగడానికి ఆయనకు ఏ చేతిలో బలం ఎక్కువో, కడ్డీ కుడివైపు కావాలో ఎడమవైపు కావాలో అప్పుడు ఆయననే అడగండి.