మల్లె గుబురుగా పెరిగింది, మొగ్గ మాత్రం లేదు

ప్రశ్న: మాది తిరుపతి. ఇంటి ముందు ప్రహరీ పక్కన నాటిన గుండుమల్లెకు మూడేళ్లు నిండాయి. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను, నెలకోసారి యూరియా కూడా వేస్తున్నాను. ఆకు దట్టంగా ఉంది కానీ, ఫాల్గుణం వెళ్లిపోతున్నా ఒక్క మొగ్గ కూడా కనబడలేదు. పక్కింటివారి చెట్టు అప్పుడే పూస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మల్లెకు జబ్బేమీ లేదు. నీళ్లూ యూరియా అవసరానికి మించి అందుతున్నందువల్ల అది ఆకు పెంచుకోవడంలోనే ఉండిపోయింది. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగుళ్ల కొసల్లోనే కాబట్టి, చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, ఆ తరువాత మళ్లీ తడి పెట్టడం మల్లె తోటల రైతులు అనుసరించే పద్ధతి. మాఘంలో చేయవలసిన ఈ పనికి ఇప్పుడు కొంత ఆలస్యమైనా, మన ప్రాంతంలో మల్లెల కాలం జూన్ దాకా సాగుతుంది కనుక ఈ ఏటి పూలపై ఆశ వదులుకోనవసరం లేదు.

యూరియా పూర్తిగా మానేయండి. వారం రోజులు నీరు ఆపి, ఆకు కాస్త వాడుముఖం పట్టాక పదునైన కత్తెరతో ఎండుపుల్లలనూ, చెట్టు లోపలికి పెరిగిన సన్నని రెమ్మలనూ మొదలంటా తీసేసి, తక్కిన కొమ్మలను మూడో వంతు మేర తగ్గించండి. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో అంతకంటే కిందికి నరకడం మంచిది కాదు. ఆపైన మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్టెడు, సూపర్ ఫాస్ఫేట్ ఒక గుప్పెడు కలిపి తడపండి. అక్కడి నుంచి వేలితో చూసినప్పుడు పైమట్టి ఆరి ఉంటేనే నీరు పోయండి. ప్రహరీ నీడ పడుతోందేమో కూడా గమనించండి. పూటంతా ఎండ తగలని మల్లె ఎంత చాకిరీ చేసినా సరిగా పూయదు.

మొగ్గలు వచ్చాక వాటిలో కొన్ని ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు తొలుస్తోందని అర్థం. వాటిని ఏరి నాశనం చేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

కోతలో ఉన్న సంతోషాన్ని మాత్రం ఇంకొకరికి అప్పగించకండి. మొగ్గలో పచ్చదనం పోయి, పాలతెలుపు తేరి, వేళ్ల మధ్య నిండుగా తగిలేటప్పుడు, విచ్చుకోకముందే ఉదయాన్నే తుంచి తడిగుడ్డలో ఉంచితే దీపాల వేళకు విరిసి ఇల్లంతా వాసన నింపుతాయి. తిరుమలలో పూలన్నీ స్వామివారికే కనుక అక్కడ ఎవరూ తలలో పెట్టుకోరు. కొండ దిగువన ఉన్న మనం తొలి మూర దేవుడి పటానికి వేసి, రెండో మూర నిశ్చింతగా జడలో తురుముకోవచ్చు.

ప్రశ్న: మాది చిత్తూరు. పెరట్లో వేపచెట్టు విరగబూసి పువ్వంతా నేలపాలవుతోంది. ఉగాది పచ్చడికి పోగా మిగిలినది దాచుకోవచ్చా?

జవాబు: తప్పకుండా దాచుకోవచ్చు. రాత్రి చెట్టు కింద ఉతికిన పాత చీర పరచి, తెల్లవారగానే రాలిన పువ్వు ఎత్తుకోండి. చాటలో చెరిగి కాడలూ ఆకులూ తీసేసి, గలగలలాడేదాకా ఎండబెట్టి, తడి తగలని గాజు సీసాలో పోస్తే ఏడాది వరకు నిలుస్తుంది. నేతిలో దోరగా వేయించి చారులో వేసుకుంటే ఆ చిరుచేదు నోటికి ఎంతో హితవుగా ఉంటుంది. ఈ వారాల్లో ఆ చెట్టు దగ్గర పురుగుమందులేవీ చల్లకండి. తినే పువ్వు అనే కాదు, దాని మీద వాలే తేనెటీగల కోసం కూడా.